జిప్పక్క కాలు నిలదొక్కుకున్న వైనం

ఆ సూట్‌కేసు పారేసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథ ఎవరు చెప్పినా అక్కడి నుంచే మొదలుపెడతారు, నా పరువు ఎలాగూ పోతుంది. నా నోటితో నేనే పోగొట్టుకుంటే కొంచెం నయం.

పెట్టెకి పెద్ద లోపమేం లేదు. చక్రాలు నాలుగూ తిరుగుతున్నాయి, పిడి లాగితే పైకి వస్తోంది, నొక్కితే లోపలికి పోతోంది. జిప్పు మాత్రం ముందు మూస్తుంటే వెనక నోరు తెరుచుకునేది. విసుగొచ్చి మెట్ల కింద చెత్తడబ్బా పక్కన నిలబెట్టి, కొత్తది కొనుక్కొచ్చుకున్నాను. పది రోజుల తర్వాత మా ఎదురు వాటా ఆవిడ ఊరికి బయల్దేరి మెట్లు దిగుతోంది. చేతిలో ముద్దొచ్చే సూట్‌కేసు. ఎంత బాగుందో, ఎక్కడ కొన్నారని అడిగాను.

"నీ దగ్గరే వదినా," అంది ఆవిడ, దిగడం ఆపకుండానే.

ఆవిడే జిప్పక్క. అసలు పేరు వేరే ఉంది కానీ, ఆవిడ పనిచేసే దుస్తుల ఫ్యాక్టరీలో అదే పేరుతో ముగ్గురున్నారట. కలవకుండా ఉండాలని ఒకామెను కాలరక్క, ఒకామెను గుండీలక్క, ఈవిడను జిప్పక్క అన్నారు. ఇరవై రెండేళ్ళుగా కోట్లకి జిప్పులు కుట్టడమే పని. వయసు నలభై ఆరు. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. నవ్వు పెదాలకంటే ముందు కళ్ళలోకి వస్తుంది, అది వచ్చిందంటే ఎదుటివాళ్ళు తమ జేబులు, గుండీలు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు ఆవిడ భర్తతో చెప్పిందట: జిప్పు మీద జారే రన్నర్ నోరు వదులైతే పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కానండీ, పెట్టె బతికింది, ఒక్క నొక్కుకి బతికేదాన్ని వదిన చంపి అవతల పడేసింది, ఊళ్ళో ఇలాంటి వదినలు ఎంతమంది ఉంటారో, నేనో చిన్న దుకాణం పెడతాను.

ఆయన ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా అంతస్తు అంకెలు తప్ప మరో మాట పలకనవసరం లేని ఉద్యోగం, ఇంట్లో కూడా అదే పొదుపు. చాలాసేపు ఆలోచించి, "ఎవరొస్తారు?" అన్నాడు.

"మీరు లిఫ్టులో ఉండి ఉండి, పైకీ కిందికీ తప్ప పక్కకి చూడటం మర్చిపోయారు," అని ఆవిడ కసిరింది కానీ, ఆ రెండు మాటలకీ తన దగ్గర జవాబు లేదని ఆవిడకి తెలుసు. ముల్లులా గుచ్చుకుంది.

జవాబు లేకపోయినా ఫరవాలేదన్నవాడు ఒకడున్నాడు. జిప్పక్క తమ్ముడు. అతన్ని అందరూ రిబ్బను అంటారు. నాలుగు దుకాణాలు తెరిచి ఐదు మూసిన మనిషి. ఐదోది స్నేహితుడిది, సలహా ఇవ్వడానికి వెళ్ళాడు. ప్రారంభమంటే అతనికి ప్రాణం. పొద్దున ఎనిమిదికి రిబ్బను కత్తిరించడం, చప్పట్లు, ఫొటోలు. ఆ సాయంత్రం నుంచి ఏం చెయ్యాలో మాత్రం ఏ దుకాణంలోనూ అతనికి తోచలేదు. అక్క మాట చెవిన పడగానే మర్నాడే బోర్డు నమూనా గీయించుకొచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు, పేరు మాత్రం సిద్ధం: 'అంతర్జాతీయ జిప్పు నిలయం'. జిప్పక్క ఆ కాగితాన్ని మెచ్చుకుంది, మడిచి, ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద పెట్టింది. సరిగ్గా సరిపోయిందని తమ్ముడికి చూపించింది కూడా.

"దుకాణం తర్వాత. ముందు వచ్చేవాళ్ళెవరో చూడాలి," అంది.

ఆవిడది మధ్యాహ్నం షిఫ్టు, పొద్దున్నపూట ఖాళీ. వారం రోజులపాటు రోజూ ఏడింటికి బస్‌స్టాపుకి వెళ్ళి, ఏ బస్సూ ఎక్కకుండా నిలబడింది. ఒకరోజు తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను, మళ్ళీ జన్మలో వెళ్ళను. జిప్పక్క మనుషుల మొహాలు చూడదు. భుజాలకి వేలాడే సంచులు, వీపుల మీది బ్యాగులు, కోట్లు, చేతిలో పర్సులు, ఇవే చూస్తుంది. చిన్న పుస్తకంలో గీతలు గీస్తుంది. రన్నర్ ఊడినవి, పళ్ళు పోయినవి, పిన్నీసు పెట్టుకున్నవి, తాడుతో కట్టుకున్నవి. ఒకాయన బ్యాగుకి బూటు లేసు కట్టుకున్నాడు, ఆ బూటుకి లేసు లేదు.

నేను వెళ్ళిన ఆ నాలుగో రోజునే ఒక పెద్దమనిషి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, చంకలో ఫైలు. గొంతు తగ్గించి, నాలుగు రోజుల నుంచి గమనిస్తున్నానమ్మా, మీ చూపు మర్యాదగా లేదు, అన్నాడు. నేను భూమిలోకి కుంగిపోయాను. జిప్పక్క కుంగలేదు.

"తప్పే బాబూ. మీ ప్యాంటు రన్నర్ ఒక పక్క అరిగిపోయింది, రోజూ కొంచెం కిందికి జారుతోంది. ఈ రోజు మధ్యాహ్నం దాటదు. చెబుదామంటే ఎలా చెప్పాలో తెలియక చూస్తున్నాను."

ఆయన మొహం ఎర్రబడింది, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం షిఫ్టు మధ్య విరామంలో జిప్పక్క పని కట్టుకుని బస్‌స్టాపుకి వచ్చిందని తర్వాత తెలిసింది. పెద్దమనిషి బస్సు దిగాడు. పొద్దున చంకలో ఉన్న ఫైలు ఇప్పుడు రెండు చేతులతో పొట్ట కిందికి పట్టుకున్నాడు. ఆవిడ ఇంటి చిరునామా రాసిన చీటీ ఆ ఫైలు మీద పెట్టి వెళ్ళిపోయింది. పని మొదలుపెట్టాక మొదటి ఖాతాదారు ఆయనే. ఇప్పటికీ నేను ఎదురైతే తల తిప్పుకుంటాడు.

వారం చివర పుస్తకం తీసి భర్త ముందు పెట్టింది. ఒక్క స్టాపులో, ఒక్క పొద్దున్నపూటకి సగటున అరవై చిల్లర జిప్పులు చావుబతుకుల్లో ఉన్నాయి. ఆయన గీతలన్నీ చూసి, తల ఊపి, "బాగు చెయ్యడం వచ్చా?" అన్నాడు. ఈసారి మూడు మాటలు.

అదీ నిజమే. ఇరవై రెండేళ్ళు కుట్టింది కొత్త జిప్పులు. కొత్తవాటికి జబ్బులుండవు. పాతవాటి జబ్బులు తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే, మార్కెట్టు వెనక సందులో కూర్చునే సంచుల తాత. తోలు సంచులు, పట్టీలు, జిప్పులు, అన్నీ బాగు చేస్తాడు. ఎవరికీ పని నేర్పడు. నేర్పితే ఎదురుగా వచ్చి కూర్చుంటారు కదమ్మా అని మొహం మీదే అంటాడట.

నేర్పకపోతే చూసి నేర్చుకోవచ్చు. అందుకు జిప్పక్క ఎన్నుకున్న దారి చెబితే నమ్మరు. ఇంట్లో మంచి బ్యాగులు తీసి, ఒక్కోదానికి ఒక్కో జబ్బు తనే పెట్టింది. ఒకదానికి రన్నర్ వంచింది, ఒకదానికి మధ్యలో పన్ను పీకింది, ఒకదానికి అంచు గుడ్డ చింపింది. తనే తీసుకెళ్తే పట్టుబడుతుందని ఒకసారి భర్తను, ఒకసారి తమ్ముణ్ణి పంపింది. పని అయ్యేదాకా అక్కడే నిలబడి, తాత చేతులు ఏం చేశాయో ఒక్కటీ వదలకుండా వచ్చి చెప్పాలి. భర్త వచ్చి, "నొక్కాడు. తిప్పాడు. అయింది," అని చెప్పాడు. తమ్ముడు తాతకి తన నాలుగు దుకాణాల కథ చెబుతూ చేతుల వైపు చూడటమే మర్చిపోయాడు. మూడోసారి నన్ను పంపారు.

తాత నా బ్యాగును వెలుగులోకి ఎత్తి చూశాడు. జిప్పును వేలితో ఒకసారి రాశాడు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"అమ్మా, ఇది అరిగిపోయిన పన్ను కాదు. ఎవరో పట్టకారుతో పీకారు. మొన్న వచ్చినవి రెండూ అంతే. పీకిన చెయ్యి మాత్రం మంచి చెయ్యి, పక్క పన్నుకి దెబ్బ తగల్లేదు. ఆ చేతిని రమ్మను."

నేను కుడితిలో పడ్డ ఎలుకలా ఇంటికొచ్చాను. జిప్పక్క మాత్రం పరీక్ష పాసైన పిల్లలా తల దువ్వుకుని బయల్దేరింది.

తాత తిట్టలేదు. ఒక నల్లసంచి ఆవిడ చేతికిచ్చి, జిప్పు పాడైంది, బాగు చెయ్యి చూద్దాం, అన్నాడు. ఆవిడ అరగంటసేపు దాన్ని తిప్పి చూసింది. మూసింది, తెరిచింది, పళ్ళు లెక్కపెట్టింది, రన్నర్ ఊడదీసి మళ్ళీ ఎక్కించింది. తాత ఈలోగా రెండు పట్టీలు కుట్టేశాడు. ఏదో ఒకటి మార్చి, బాగు చేశానని చెప్పి గట్టెక్కుదామని ఒక క్షణం అనిపించిందట. చివరికి సంచి ఆయన ఒళ్ళో పెట్టి, "దీనికేం రోగం లేదు," అంది.

"లేదు," అన్నాడు తాత. "లేదని చెప్పి తిప్పి పంపడం వస్తే మిగతాది నేర్పడం ఎంతసేపు."

నాలుగు నెలలు, సెలవు రోజుల్లో తాత పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆయన కళ్ళకి సన్నని పళ్ళు ఆనడం మానేసి చాలా రోజులైంది. ఆ సంగతి పెళ్ళాంతో కూడా చెప్పని మనిషి ఈవిడతో చెప్పాడు. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. దుకాణం పెట్టాక జిప్పులన్నీ ఆవిడవి, తోలూ పట్టీలూ ఆయనవి, ఒకరి పని ఒకరి దగ్గరికొస్తే చెయ్యి చూపించి పంపాలి.

అప్పటికీ దుకాణం తెరవలేదు. ఆరు నెలలు ఇంట్లోనే చేసి చూస్తాను, చేసినవి నిలుస్తాయో లేదో తెలియాలిగా, అంది. ఆ ఆరు నెలలూ మా వీధికి శిక్ష. బాగు చేసిన ప్రతి జిప్పునూ ఆవిడ వెంటాడింది. చెప్పా పెట్టకుండా ఇళ్ళకెళ్ళి, పలకరింపు పూర్తికాకముందే గోడకి తగిలించిన బ్యాగు తీసి పదిసార్లు బర్రుబర్రున లాగేది. నిలిస్తే నవ్వి వెళ్ళిపోయేది. ఊడితే ఇంకా సంతోషం, ఎందుకు ఊడిందో తెలుస్తుంది కదా. ఒకసారి లిఫ్టులో భర్తకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, తను బాగు చేసిన కోటు వేసుకున్న ఆఫీసరు కనిపిస్తే, ఆయన లోపల ఉండగానే జిప్పు మెడ దాకా లాగి, కిందికి దింపి, మళ్ళీ లాగింది. మూడో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడట.

ఆ లిఫ్టే ఆవిడకి కలిసొచ్చింది. రోజుకి ఎంతమంది ఎక్కి దిగుతారో, ఎవరి బ్యాగు నోరు తెరుచుకుందో భర్త కళ్ళ ముందే ఉంటుంది. ఆయన ఎవరితోనూ మాట్లాడడు. తెగిన జిప్పు వైపు ఒకసారి చూసి, "జిప్పు," అంటాడు, చీటీ ఇస్తాడు, లిఫ్టు ఆగగానే "ఐదో అంతస్తు," అంటాడు. ఊరంతా గొంతు చించుకుని తిరిగిన రిబ్బను కంటే ఆ ఒక్క మాటకే ఎక్కువమంది వచ్చారు.

రిబ్బను మాత్రం ఊరుకోలేదు. కొత్తగా కట్టిన దుకాణాల సముదాయంలో అద్దెకి అద్దాల గది ఒకటి చూశాడు. నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం. అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు, నన్ను సాక్ష్యానికి తీసుకెళ్ళారు. దారిన పోయే ప్రతివాడూ ఇక్కడ ఆగుతాడక్కా, చూసుకో, అన్నాడు. జిప్పక్క ఎదురుగా మెట్టు మీద కూర్చుని, గంటసేపు చూద్దాం తమ్ముడూ, అంది. నిజంగానే ప్రతివాడూ ఆగాడు. ఆగి, అద్దంలో తల దువ్వుకుని వెళ్ళిపోయాడు. గంట గడిచేసరికి రిబ్బను కూడా లేచి వెళ్ళి క్రాపు సరిచేసుకొచ్చాడు. ఇంటికెళ్ళేదాకా ఆవిడ భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

చివరికి చోటు వెతికిపెట్టింది భర్తే. "బస్‌స్టాపు ఎదురు. మెట్ల కింద. ఖాళీ," అన్నాడు ఒక సాయంత్రం. చూస్తే బంగారంలాంటి చోటు. నాలుగడుగులు వేస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి చేరిపోతాం, ఒక మిషనుకీ ఒక పీటకీ సరిపోతుంది. ఇల్లు ఒక రిటైరైన లెక్కల టీచరమ్మది. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది, పై వాటాలో ఒక్కతే ఉంటుంది. అద్దె అడిగితే ముందు నన్ను, తర్వాత జిప్పక్కను పన్నెండో ఎక్కం చెప్పమంది. ఇద్దరం ఏడు దగ్గర తడబడ్డాం. అయినా గది ఇస్తానంది.

ఇంకెవరైనా అయితే ఆ రోజే తాళంచెవి తీసుకునేవాళ్ళు. ఇంత మంచి చోటు ఖాళీగా ఎందుకుందని జిప్పక్కకి అనుమానం వచ్చింది. ఆరా తీస్తే, ఐదేళ్ళలో ముగ్గురు అద్దెకొచ్చి ముగ్గురూ ఎత్తేశారు. ఆ ముగ్గుర్నీ వెతికి పట్టుకుంది. టీ కొట్టతను తన ఖాతాదారులకి మర్యాద తెలియదన్నాడు, గ్లాసులు ఒలకబోసి బల్లంతా పాడుచేసేవారట. గడియారాలతను తన చేతులు వణుకుతున్నాయని బెంగపెట్టుకున్నాడు, చిన్న మరలు బల్ల మీద నిలిచేవి కావట. దర్జీ తన కుట్టు వంకరపోతోందని కళ్ళద్దాలు కొనుక్కున్నాడు, అద్దాలు పెట్టుకున్నాక వంకర ఇంకా బాగా కనిపించిందట.

జిప్పక్క మర్నాడు పొద్దున ఒక గాజుగ్లాసు, చెంబుడు నీళ్ళు పట్టుకుని ఆ ఖాళీ గదికి వెళ్ళింది. గ్లాసును నేల మీద పెట్టి, అంచు దాకా నీళ్ళు పోసి, పక్కనే కూర్చుంది. నిండు కుండ తొణకదంటారు. ఎదురుగా బస్సొచ్చి ఆగింది, నిండు గ్లాసు తొణికింది. మళ్ళీ బస్సు, మళ్ళీ తొణికింది. పది బస్సులకి సగం గ్లాసు నేల పాలైంది.

టీచరమ్మకి చెబితే కోపం వచ్చింది. మా ఆయన దగ్గరుండి బండలు పరిపించిన గది అది, ఆయన చదువుకునే గది, రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని లోపలికెళ్తే రెండు గంటలు బయటికి వచ్చేవారు కాదు, అంత చదువరి ఈ వీధిలో ఇంకొకరు లేరు, అంది. జిప్పక్క వాదించలేదు. ఒక మేస్త్రీని పిలిచి బండలు తీయిద్దామని, నేల గట్టిదైతే ఖర్చు తనదని, గుల్లదైతే టీచరమ్మదని అంది. లెక్క సరిగ్గా ఉంది కాబట్టి టీచరమ్మ ఒప్పుకుంది.

మేస్త్రీ గడ్డపార పెట్టి మూలనున్న బండ కదిపాడు. దానికసలు సిమెంటే లేదు, మూతలా లేచి వచ్చింది. కింద మట్టి లేదు. మనిషి కూర్చుంటే మునిగేంత గొయ్యి. ఆ గొయ్యి నిండా, పడుకోబెట్టి, పొందికగా పేర్చిన సీసాలు. అన్నీ ఖాళీ. ఒక్కో సీసాకీ చుట్టూ కాగితం, ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా. మేస్త్రీ ఒక మూత వాసన చూసి, మంచి సరుకే, అన్నాడు.

జిప్పక్క నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. పైన తలుపు చప్పుడైంది. నేనెన్నడూ ఎరగని కంగారు ఆవిడ కళ్ళలో చూశాను. గబగబా మేస్త్రీ చేత బండ మళ్ళీ వేయించబోయింది కానీ, టీచరమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది.

"ఏముంది?"

"ఎలుకలమ్మా," అంది జిప్పక్క. "ఎలుకలు తవ్వేశాయి."

టీచరమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎలుకలు సీసాలకి కాగితాలు చుడతాయా?"

టీచరమ్మ ఒక సీసా పైకి తీసి, కాగితం విప్పింది. పిల్లల చేతిరాత, లెక్కలు. ఇంకోటి విప్పింది, అదీ అంతే. ఆ కాగితాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఆవిడ కుప్పకూలిపోతుందేమోనని మేమిద్దరం చెరోపక్కా నిలబడ్డాం.

"అర్ధసంవత్సర పరీక్ష," అంది నెమ్మదిగా. "ఒక ఏడాది కట్టకి కట్ట మాయమైంది. ఇల్లంతా గాలించాను. ఆయన కూడా నాతోపాటు మంచం కింద వెతికారు. ఏం చెయ్యాలో తోచక నలభై మందినీ పాస్ చేసేశాను. ఆ పాపం ఇన్నేళ్ళూ మోస్తున్నాను."

పెదవి ఒకవైపు అదిరింది. ఏడుపొస్తుందనుకున్నాం, వచ్చింది నవ్వు. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, చివరికి పొట్ట పట్టుకుని. దగ్గుమందు వాసనని ముప్పై ఏళ్ళు నమ్మానే, అంది, దగ్గు మాత్రం ఒక్కరోజూ వినలేదు, ఇన్ని లెక్కలు చెప్పిన దాన్ని ఆ ఒక్క లెక్క కట్టలేకపోయాను, అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి చేతిలోని కాగితం మళ్ళీ చూసి మొహం చిట్లించి, ఎర్రపెన్ను ఉందా, అని అడిగింది. మేస్త్రీ దగ్గర గీతలు గీసే ఎర్రపెన్సిల్ ఉంది. సీసాలు ఒక్కొక్కటే పైకి వస్తుంటే, ఆవిడ కాగితాలు విప్పి ఒళ్ళో చదును చేసుకుంటూ సాయంత్రం దాకా దిద్దుతూ కూర్చుంది. నలభైలో ఇరవై ఆరుగురు నిజంగానే పాసయ్యారు. మిగతా వాళ్ళకి ఇప్పుడు పిల్లలు కూడా పెద్దవాళ్ళయి ఉంటారు, పోనీలెమ్మంది.

గొయ్యి పూడ్చడానికి రాళ్ళు, కంకర, ఇసుక, పైన సిమెంటు. మేస్త్రీ మూడు వారాలు తడపాలన్నాడు. ఆ పని జిప్పక్క తమ్ముడికి అప్పగించింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బిందెతో నీళ్ళు పొయ్యాలి. రిబ్బను జీవితంలో ఏ పనీ మూడు వారాలు చెయ్యలేదు. మొదటి వారం విసుక్కున్నాడు, రెండో వారం మర్చిపోయి మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు, మూడో వారం ఎవరైనా ఆ నేల మీద కాలు పెట్టబోతే కేకలేశాడు. ఇరవై రెండో రోజు జిప్పక్క మళ్ళీ గ్లాసు నింపి నేల మీద పెట్టింది. మూడు బస్సులు వరసగా వచ్చాయి. నీళ్ళు అంచు మీద మెరుస్తూ నిలబడ్డాయి. రిబ్బను ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. నేలంతా తనే పోసినట్టు గర్వంగా చూశాడు. నీళ్ళ వరకు నిజమే కదా.

ప్రారంభానికి రిబ్బను కత్తిరించడాలు వద్దని ఆవిడ తమ్ముడికి గట్టిగా చెప్పింది. అతని మొహం వాడిపోయింది. తెరిచే రోజు పొద్దున వచ్చి చూస్తే గుమ్మానికి అడ్డంగా ఎర్రగుడ్డ, దాని మధ్యలో పైనుంచి కింది దాకా అరచేయి వెడల్పు జిప్పు. లాగు తమ్ముడూ, అంది ఆవిడ. అతను రెండు చేతులతో రన్నర్ పట్టుకుని బర్రున లాగాడు. దుకాణం తెరుచుకుంది. వచ్చినవాళ్ళు నలుగురు: లిఫ్టాయన, సంచుల తాత, టీచరమ్మ, నేను. బోర్డు మీద 'జిప్పులు బాగు చేయబడును' అని ఉంది, అంతే.

అయినా ఆవిడ ఫ్యాక్టరీ వెంటనే మానలేదు. మూడు నెలలు పొద్దున దుకాణం, మధ్యాహ్నం షిఫ్టు. ఒకసారి వచ్చిన చెయ్యి రెండోసారి వేరే బ్యాగుతో వస్తోందని నమ్మకం కుదిరాకే రాజీనామా ఇచ్చింది. సూపర్‌వైజరు ఆ కాగితం తీసుకుని, తన కోటు జిప్పు చూపించి, వెళ్ళేముందు ఇది కాస్త చూసి వెళ్ళమన్నాడట. దుకాణానికి రమ్మంది.

మూడేళ్ళయింది. రిబ్బను ఇప్పుడు ఊళ్ళోని ఆఫీసులు తిరిగి తెగిన బ్యాగులు తెస్తాడు, బాగైనవి తిరిగి ఇస్తాడు. మాట్లాడటమే పనైనచోట అతను అమోఘంగా పనిచేస్తాడని తేలింది. పెద్దపెద్ద దుకాణాలవాళ్ళు వచ్చి కలుపుకుంటామన్నారు, కౌంటర్లు పెడదామన్నారు. నా చెయ్యి ఒక్కటే కదండీ, అని ఆవిడ నవ్వి పంపేసింది.

మొన్న ఒకతను మనిషంత ఎత్తున్న వాయిద్యం వీపున మోసుకుంటూ వచ్చాడు. పెద్ద తొడుగు, దాని చుట్టూ రెండు బారల జిప్పు, మధ్యలో తెగింది. గదిలో పట్టదు. జిప్పక్క వీధి పక్కన చాప పరిచి తొడుగు దాని మీద వేసుకుని కూర్చుంది. అతను బట్టల్లేని పిల్లను ఎత్తుకున్నట్టు వాయిద్యాన్ని కావలించుకుని నిలబడ్డాడు. ఊరికే నిలబడటం దేనికి, వాయించు బాబూ, అంది ఆవిడ. పదిమందితో కలిసి వెనకాల నిలబడి వాయించేవాణ్ణండీ, ఒక్కణ్ణే ఎవరూ ఎప్పుడూ అడగలేదు, అని సిగ్గుపడ్డాడు. అయినా వాయించాడు. కడుపులోంచి వచ్చినట్టుండే లోతైన గొంతు ఆ వాయిద్యానిది. బస్‌స్టాపులో వాళ్ళు ఇటు తిరిగారు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, సగంమంది ఎక్కలేదు.

జిప్పు బాగు చెయ్యడం పావుగంటలో అయిపోయింది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. రన్నర్ ఈ కొస నుంచి ఆ కొసకి వెన్నలా జారింది. అతను పాట మధ్యలో ఆపి, అయిందా అండీ, అని అడిగాడు.

జిప్పక్క తలెత్తలేదు. తొడుగును వెలుగులోకి తిప్పి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇంకొక్క పన్ను అనుమానంగా ఉంది బాబూ. నువ్వు కానివ్వు."